రాత్రంతా ఏమీ తినలేదు, పొద్దున షుగర్ ఎక్కడి నుంచి వచ్చింది?

హనుమకొండలో ఏ రక్తపరీక్షల కేంద్రం దగ్గరైనా ఉదయం పూట కాసేపు నిలబడితే ఈ మాట వినిపిస్తుంది: "రాత్రి ఎనిమిదింటికి రెండు జొన్న రొట్టెలు, కాస్త పప్పు తిన్నాను సార్. ఆ తర్వాత మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టలేదు. పరగడుపు షుగర్ 160 ఎలా వచ్చింది?" అడిగే మనిషి గొంతులో బాధ ఉంటుంది, కొంచెం అవమానం కూడా ఉంటుంది. చాటుగా ఏదో తిని వచ్చారని ఇంట్లోవాళ్లు అనుమానిస్తారు. ఇంకొందరు జొన్న రొట్టెను తప్పుపడతారు, మరికొందరు ల్యాబును.

ల్యాబు సంగతి ముందు చూద్దాం. గ్లూకోజ్ పరీక్షకు రక్తాన్ని సాధారణంగా బూడిద రంగు మూత ఉన్న ట్యూబులోకి తీస్తారు. అందులో సోడియం ఫ్లోరైడ్ ఉంటుంది. రక్తం ఒంట్లోంచి బయటికి వచ్చాక కూడా ఎర్రకణాలు బతికే ఉంటాయి, గ్లూకోజ్‌ను తింటూనే ఉంటాయి. వాటిలో మైటోకాండ్రియా, అంటే కణంలో ఇంధనాన్ని మండించే పొయ్యిలు, లేవు కనుక గ్లూకోజ్‌ను పూర్తిగా మండించలేవు. సగంలో విరిచి లాక్టేట్‌గా మార్చి, వచ్చిన కొద్దిపాటి శక్తితో కాలం గడుపుతాయి. మామూలు ట్యూబులో వదిలేసిన రక్తంలో గంటకు దాదాపు 5 నుంచి 7 శాతం గ్లూకోజ్ ఇలా తరిగిపోతుంది. ఫ్లోరైడ్ ఆ విరుపులో చివరి మెట్లకు దగ్గరగా ఉన్న ఇనొలేజ్ అనే ఎంజైమును అడ్డుకుంటుంది. పై మెట్లు కొంతసేపు నడుస్తూనే ఉంటాయి కాబట్టి దాని పట్టు పూర్తిగా బిగియడానికి గంటో రెండు గంటలో పడుతుంది. పరకాలలోనో నర్సంపేటలోనో తీసిన రక్తం మధ్యాహ్నానికి హనుమకొండ చేరితే, ఫలితం అసలు ఉన్నదానికన్నా తక్కువ రావచ్చు. ఎక్కువ మాత్రం రాదు. కనుక ఆలస్యం పేరు చెప్పి 160ని కొట్టిపారేయలేం.

జొన్న రొట్టె కూడా నిర్దోషే. రాత్రి ఎనిమిదింటికి తిన్న భోజనంలోని పిండిపదార్థం చాలామందిలో అర్ధరాత్రికల్లా అరిగి, రక్తంలో కలిసి, సర్దుబాటైపోతుంది. తెల్లవారుజామున రక్తంలో ఉన్న గ్లూకోజ్‌ను ఆ మనిషి ఒళ్లే తయారు చేసింది. చేసినది ముఖ్యంగా కాలేయం.

అసలు తయారు చేయాల్సిన అవసరం ఎందుకు వచ్చింది? ఆరోగ్యవంతుడి రక్తంలో పరగడుపున డెసిలీటరుకు 70 నుంచి 99 మిల్లీగ్రాముల గ్లూకోజ్ ఉంటుంది. ఒంట్లో రక్తం సుమారు 5 లీటర్లు. లెక్క కట్టి చూడండి, మొత్తం రక్తంలో ఏ క్షణానైనా తిరుగుతున్న గ్లూకోజ్ 5 గ్రాములకు మించదు. ఒక చిన్న చెంచాడు. మరి మెదడు ఒక్కటే రోజుకు దాదాపు 120 గ్రాములు, అంటే గంటకు 5 గ్రాములు వాడుకుంటుంది. మనం నిద్రపోయినా దాని ఖర్చు పెద్దగా తగ్గదు. ఎర్రకణాలకైతే గ్లూకోజ్ తప్ప వేరే తిండే లేదు. ఎవరూ నింపకపోతే రక్తంలో ఉన్నదంతా గంటలోపే అయిపోవాలి. అయినా రాత్రంతా హాయిగా నిద్రపోయి లేస్తున్నామంటే, ఎవరో ప్రతి నిమిషం కొలిచి పోస్తున్నారన్న మాట. పెద్దవాళ్లలో ఆ పోత నిమిషానికి, కిలో బరువుకు సుమారు 2 మిల్లీగ్రాములు. 60 కిలోల మనిషికి రాత్రి పది గంటల్లో అది 70 గ్రాములు దాటుతుంది.

కాలేయం చక్కెరను బయటికి వదులుతుందని 19వ శతాబ్దం మధ్యలో ఫ్రాన్స్‌లో క్లాడ్ బెర్నార్డ్ అనే శాస్త్రవేత్త చూపించాడు. తీపి అసలే పెట్టకుండా మాంసం మాత్రమే మేపిన జంతువులోనూ కాలేయం నుంచి వచ్చే రక్తంలో చక్కెర కనిపించింది. 1857లో ఆ చక్కెర నిల్వ రూపమైన గ్లైకోజెన్‌ను ఆయన వేరుచేశాడు. మన ఊళ్ల ఇళ్లలో గరిసె ఎలా పనిచేసేదో కాలేయం అలాగే పనిచేస్తుంది: పంట వచ్చినప్పుడు నింపుకుని, లేనప్పుడు కొలిచి ఇస్తుంది. నిండా భోంచేసిన మనిషి కాలేయంలో 80 నుంచి 100 గ్రాముల దాకా గ్లైకోజెన్ ఉంటుంది. కండరాల్లో అంతకు మూడు నాలుగు రెట్లు ఉన్నా ఆ సరుకు ఊరికి పనికిరాదు. గ్లూకోజ్‌ను కణం దాటించి రక్తంలోకి పంపాలంటే దాని మీద అంటుకున్న ఫాస్ఫేట్‌ను తీసేయాలి. ఆ పని చేసే గ్లూకోజ్-6-ఫాస్ఫటేజ్ అనే ఎంజైము కాలేయంలో ఉంది, కొంత మూత్రపిండాల్లో ఉంది, కండరంలో లేదు. కండరం దాచుకున్నది కండరమే ఖర్చు చేసుకోవాలి.

నిల్వ కరిగించడం ఒక దారి. రెండో దారి, గ్లూకోజ్ కాని వాటి నుంచి గ్లూకోజ్‌ను కొత్తగా అల్లడం. ఎర్రకణాలూ కండరాలూ వదిలిన లాక్టేట్, కండరపు మాంసకృత్తుల నుంచి వచ్చే అలనిన్, కొవ్వు విడిపోయినప్పుడు మిగిలే గ్లిసరాల్, ఇవి ముడిసరుకులు. పన్నెండు గంటల ఉపవాసం తర్వాత రక్తంలోకి వచ్చే గ్లూకోజ్‌లో సుమారు సగం నిల్వ నుంచి, సగం ఈ కొత్త తయారీ నుంచి వస్తుంది. లాక్టేట్ కాలేయానికి వెళ్లి గ్లూకోజై తిరిగొచ్చే ఈ చక్రాన్ని కనిపెట్టిన కార్ల్ కోరి, గెర్టీ కోరి దంపతులు గ్లైకోజెన్ మీద చేసిన పనికి 1947లో నోబెల్ అందుకున్నారు.

తయారీ ఊరికే జరగదు. ఒక్క గ్లూకోజ్ అణువును కొత్తగా కట్టడానికి ఆరు ఏటీపీలకు సమానమైన శక్తి ఖర్చవుతుంది. ఏటీపీ అంటే కణంలో చేతులు మారే శక్తి నాణెం. 1920ల చివర్లో దాన్ని కనుగొన్నవారిలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఉన్నారు. జీవరసాయన శాస్త్రం చదివే ప్రతి తెలుగు విద్యార్థికీ ఆ పేరు మొదటి రోజే చెప్పాలని నా గట్టి అభిప్రాయం. కాలేయం ఆ ఖర్చును కొవ్వు మండించి భరిస్తుంది.

ఇక్కడే చాలామంది తడబడే మెలిక ఒకటి ఉంది. ఒంట్లో కొవ్వు కిలోల కొద్దీ ఉంది కదా, దాన్నే గ్లూకోజ్‌గా మార్చుకోవచ్చు కదా అనిపిస్తుంది. మనిషి ఒంట్లో అది కుదరదు. కొవ్వు ఆమ్లాలు విరిగితే అసిటైల్ కోఏ అనే చిన్న అణువు వస్తుంది. గ్లూకోజ్ సగానికి విరిగితే వచ్చేది పైరువేట్. ఆ పైరువేట్ నుంచి అసిటైల్ కోఏకు వెళ్లే దారిలో వెనక్కి రావడం లేదు. గ్లూకోజ్ కొవ్వు కాగలదు, కొవ్వు ఆమ్లం గ్లూకోజ్ కాలేదు. కానీ ఆ అసిటైల్ కోఏ పోగుపడితే, గ్లూకోజ్ తయారీకి మొదటి మెట్టయిన పైరువేట్ కార్బాక్సిలేజ్ అనే ఎంజైమును రెచ్చగొడుతుంది. తాను గ్లూకోజ్ కాకపోయినా తయారీని ఎగదోస్తుంది, ఇంధనమూ ఇస్తుంది. కాలేయంలో కొవ్వు పేరుకున్నవారికి పరగడుపు షుగర్ ఎందుకు పెరుగుతుందో అర్థం కావడానికి ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఇప్పుడు ఇన్సులిన్ దగ్గరికి వద్దాం. ఇన్సులిన్ అంటే గ్లూకోజ్‌ను కణాల్లోకి తోసే హార్మోన్ అని అందరికీ తెలుసు. కండరం, కొవ్వు కణజాలం విషయంలో అది నిజమే. రాత్రివేళ మాత్రం దాని ముఖ్యమైన ఉద్యోగం కాలేయానికి "ఇక చాలు" అని చెప్పడం. క్లోమం నుంచి బయలుదేరిన ఇన్సులిన్ ముందుగా చేరేది కాలేయానికే. అక్కడ అది గ్లైకోజెన్ కరగకుండా ఆపుతుంది, కొత్త తయారీని తగ్గిస్తుంది. క్లోమం నుంచే వచ్చే గ్లూకగాన్ దీనికి ఎదురు, "ఇంకా వదులు" అంటుంది. ఈ రెండు ఆదేశాల మధ్య సరితూగితేనే పొద్దునకు 90 ఉంటుంది.

టైప్ 2 మధుమేహంలో కాలేయం ఇన్సులిన్ మాటకు సరిగా లొంగదు. గ్లూకగాన్ కూడా ఉండాల్సినదానికన్నా ఎక్కువగా ఉంటుంది. రక్తంలో అప్పటికే కావలసినంత గ్లూకోజ్ ఉన్నా కాలేయం పోస్తూనే ఉంటుంది. దానికి తోడు తెల్లవారుజామున కార్టిజాల్, గ్రోత్ హార్మోన్ పెరుగుతాయి. మనల్ని నిద్ర లేపడానికి ఒళ్లు చేసుకునే ఏర్పాటు అది. అవి కాలేయాన్ని మరికొంత ఉసిగొల్పుతాయి. ఆరోగ్యవంతుడిలో క్లోమం వెంటనే ఇంకాస్త ఇన్సులిన్ వదిలి సర్దేస్తుంది. షుగర్ ఉన్నవారిలో ఆ సర్దుబాటు కుదరదు. రాత్రి పదింటికి 130 చూపిన గ్లూకోమీటరు ఉదయం ఆరింటికి 160 చూపడానికి కారణం ఇదే. ఆ మనిషి దొంగతనంగా ఏమీ తినలేదు. ఇంట్లోవాళ్లు ఈ ఒక్క సంగతి తెలుసుకున్నా ఎన్నో గొడవలు తప్పుతాయి.

కాలేయం మొండికేయడానికి పెద్ద కారణాల్లో ఒకటి అందులో చేరిన కొవ్వు. వరంగల్ చుట్టుపక్కల రోజుకు మూడు పూటలా అన్నం తినే ఇళ్లు చాలా ఉన్నాయి. పొలం పని చేసే ఒంటికి ఆ అన్నం చెల్లిపోయేది. ఇప్పుడు అదే పళ్లెం కుర్చీలో కూర్చునే ఒంటికి, ఆటో నడిపే ఒంటికి వడ్డిస్తున్నాం. గరిసె నిండాక మిగిలిన గ్లూకోజ్‌ను కాలేయం కొవ్వు ఆమ్లాలుగా మారుస్తుంది. ఆ కొవ్వు తయారీని పురమాయించేది కూడా ఇన్సులినే. ఇక్కడ ఒక విచిత్రం ఉంది. కాలేయం మొండికేసినప్పుడు "గ్లూకోజ్ పోయడం ఆపు" అన్న ఆదేశాన్ని పట్టించుకోదు, "కొవ్వు చేయి" అన్న ఆదేశాన్ని మాత్రం పాటిస్తూనే ఉంటుంది. మాట సాగడం లేదని క్లోమం ఇంకా ఎక్కువ ఇన్సులిన్ పంపుతుంది, దానితో కొవ్వు ఇంకా పెరుగుతుంది. ఒకే రిపోర్టులో పరగడుపు షుగర్, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో తిరిగే కొవ్వు) రెండూ ఎక్కువగా కనిపించి, స్కానింగ్‌లో "ఫ్యాటీ లివర్" అని రాసి ఉంటే అవి మూడు వేర్వేరు జబ్బులని భయపడనక్కర్లేదు. ఒకే వేరుకు మొలిచిన మూడు కొమ్మలవి.

లావుగా లేనివారికి ఇది రాదనుకోవడం పొరపాటు. చేతులు కాళ్లు సన్నగా ఉండి పొట్ట మాత్రం ముందుకొచ్చిన శరీరం మన దేశంలో సర్వసాధారణం. చర్మం కింద దాచుకునే చోటు తక్కువైతే కొవ్వు కాలేయం చుట్టూ, కాలేయంలోనూ చేరుతుంది. అందుకే భారతీయులకు బీఎంఐ (ఎత్తుతో పోల్చి బరువును చూసే కొలత) 23 దాటగానే జాగ్రత్త పడమంటారు, పాశ్చాత్యులకు ఆ గీత 25. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) ఆధ్వర్యంలో జరిగిన ఇండియాబ్ సర్వే 2023లో ప్రచురించిన అంచనా ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉంది, మరో 13.6 కోట్ల మంది దాని అంచున ఉన్నారు. "బార్డర్‌లో ఉంది" అని మనవాళ్లు తేలిగ్గా అనేది ఈ రెండో గుంపు గురించే. పరగడుపున 100 నుంచి 125 మధ్య ఉంటే అది బార్డర్, 126 అంతకు మించి రెండుసార్లు వస్తే మధుమేహం.

బెల్లం గురించి చెప్పకుండా ఈ జిల్లాల్లో షుగర్ గురించి రాయలేం. మేడారంలో సమ్మక్క సారలమ్మలకు బెల్లాన్ని బంగారమని సమర్పించే నేల ఇది. సద్దుల బతుకమ్మ నాడు మలీద ముద్దలు, సత్తుపిండి బెల్లంతోనే రుచి. ఆ ప్రసాదం నోట్లో వేసుకోవడాన్ని నేను తప్పనను. కానీ "చక్కెర మానేసి బెల్లం వాడుతున్నాం" అని ధీమాగా చెప్పేవారిని చూస్తే ఆందోళన కలుగుతుంది. బెల్లంలో అధికభాగం సుక్రోజే, చక్కెరలో ఉన్నదీ అదే. పేగులో అది సగం గ్లూకోజ్, సగం ఫ్రక్టోజ్‌గా విడిపోతుంది. ఫ్రక్టోజ్‌లో చాలా భాగం కాలేయానికే చేరుతుంది. గ్లూకోజ్ విరుపుకు ఉండే ముఖ్యమైన అదుపు మెట్టును అది తప్పించుకుని కొవ్వు తయారీలోకి సులువుగా దిగుతుంది. బెల్లంలోని కొద్దిపాటి ఇనుము ఈ లెక్కను మార్చదు.

కాలేయంలో చేరిన కొవ్వు దిగిపోతే కాలేయం మళ్లీ మాట వింటుంది. 2017లో లాన్సెట్ పత్రికలో వచ్చిన డైరెక్ట్ అనే బ్రిటిష్ అధ్యయనంలో, మధుమేహం మొదలై ఆరేళ్లలోపు ఉన్నవారికి కఠినమైన ఆహార నియమం పెట్టారు. ఏడాది తర్వాత వారిలో 46 శాతం మందికి మందులు లేకుండానే షుగర్ మధుమేహపు గీత కిందకి వచ్చింది. 15 కిలోలు, అంతకన్నా ఎక్కువ తగ్గినవారిలో ఈ ఫలితం 86 శాతం. అందరికీ ఇది సాధ్యం కాదు, సన్నగా ఉన్నవారికి ఇదే కొలత పెట్టనూ కూడదు. అయినా తొలి సంవత్సరాల్లో ఈ జబ్బు వెనక్కి మళ్లగలదని తెలియడం చాలా పెద్ద సంగతి. కండరం వైపు నుంచి కూడా సాయం ఉంది. కదులుతున్న కండరం ఇన్సులిన్ పిలుపు లేకుండానే గ్లూకోజ్‌ను లోపలికి తీసుకుంటుంది. అన్నం తిన్నాక నడిచే పావుగంట వృథా పోదు.

మెట్‌ఫార్మిన్ మాత్ర ముఖ్యంగా పనిచేసేదీ కాలేయం మీదే. కొత్త గ్లూకోజ్ తయారీని అది తగ్గిస్తుంది. అందుకే "రాత్రి ఏమీ తినలేదు కదా, మాత్ర ఎందుకు" అని దాన్ని మానేయడం తగదు, అది చేసే పని తినని వేళ కూడా ఉంటుంది. క్లోమాన్ని పిండి ఇన్సులిన్ రాబట్టే గ్లిమిపిరైడ్ లాంటి మాత్రల తీరు వేరు. అవి వేసుకుని తినకపోతే షుగర్ ప్రమాదకరంగా పడిపోతుంది. తమ చేతిలో ఉన్నది ఏ రకం మాత్రో ప్రతి రోగికీ తెలిసి ఉండాలి, డాక్టరును అడగడానికి మొహమాటపడకూడదు.

మందు పనిచేస్తోందా లేదా చూడటానికి "మూడు నెలల షుగర్" అని పిలిచే హెచ్‌బీఏ1సీ పరీక్ష చేస్తారు. 6.5 శాతం, ఆపైన ఉంటే మధుమేహం. రక్తంలోని గ్లూకోజ్ ఏ ఎంజైము అవసరం లేకుండా హిమోగ్లోబిన్‌కు అంటుకుంటుంది. ఎర్రకణం సుమారు 120 రోజులు బతుకుతుంది కాబట్టి ఆ అంటును కొలిస్తే రెండు మూడు నెలల సగటు తెలుస్తుంది. ఈ లెక్కంతా ఎర్రకణం తన పూర్తి ఆయుష్షు బతుకుతుందన్న నమ్మకం మీద నిలబడింది. ములుగు, భూపాలపల్లి, ఆసిఫాబాద్, ఆదిలాబాద్ అడవి ప్రాంతాల్లో ఈ నమ్మకం అందరికీ చెల్లదు. గోండు, కోయ సమాజాల్లో ఎర్రకణాన్ని కొడవలిలా వంచే సికిల్ సెల్ జన్యువు కనిపిస్తుంది. సికిల్ జబ్బు ఉన్నవారిలో ఎర్రకణం త్వరగా రాలిపోతుంది, గ్లూకోజ్ అంటుకోవడానికి సమయమే చిక్కదు. ఎర్రకణానికి రక్షణ ఇచ్చే జీ6పీడీ ఎంజైము లోపం ఉన్నవారిలోనూ కొలత తక్కువగా రావచ్చు. ఇనుము లోపంతో వచ్చే రక్తహీనతలో కొలత కొంచెం ఎక్కువ చూపుతుంది. రక్తం ఎక్కించుకున్నవారి రిపోర్టు కొన్ని వారాల పాటు తప్పుదారి పట్టిస్తుంది. ఇలాంటివారికి పరగడుపున, తిన్న రెండు గంటలకు చేసే మామూలు గ్లూకోజ్ పరీక్షలే దిక్కు. 5.4 అని చూసి "మీకేమీ లేదు" అని పంపేస్తే జబ్బు లోపల నడుస్తూనే ఉంటుంది.

ఇన్సులిన్ మాట కాలేయం వినకపోవడం ఒక స్థితి. చెప్పడానికి ఇన్సులినే లేకపోవడం మరో స్థితి, అది టైప్ 1. పిల్లల్లో ఎక్కువగా మొదలవుతుంది. అప్పుడు కొవ్వు కణజాలం అదుపు లేకుండా కరుగుతుంది, వరదలా వచ్చిన అసిటైల్ కోఏను కాలేయం కీటోన్లుగా మార్చి వదులుతుంది. కీటోన్లు ఆమ్లాలు, రక్తం పులుస్తుంది. ఆ పులుపును వదిలించుకోవడానికి పిల్ల లోతుగా, వేగంగా ఊపిరి తీస్తుంది. నోటి నుంచి పండిన పండు వాసన వస్తుంది, వాంతులు, కడుపునొప్పి ఉంటాయి. నాలుగు రోజులుగా విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం ఉన్న పిల్ల ఇలా ఆయాసపడుతుంటే అది అజీర్తో గాలి సోకడమో అనుకుని ఒక్క రాత్రి కూడా ఆగకూడదు. వరంగల్ ఎంజీఎం లాంటి పెద్దాసుపత్రికి వెంటనే తీసుకెళ్లాలి. సెలైన్, ఇన్సులిన్ సమయానికి అందితే పిల్ల తేరుకుంటుంది.

వీటన్నిటికీ ఎదురుగా, కాలేయం పోయడమే ఆపేసే సందర్భం ఒకటి ఉంది. మన పల్లెల్లో అది అరుదు కూడా కాదు. సాయంత్రం పని దిగి, ఏమీ తినకుండా కల్లు గానీ సారా గానీ తాగే మనిషిని తీసుకోండి. ఆల్కహాలును విరవడంలో కాలేయం మునిగిపోతుంది. ఆ పనిలో ఎన్ఏడీహెచ్ అనే అణువు గుట్టలుగా పోగుపడి పైరువేట్‌ను లాక్టేట్ వైపు నెట్టేస్తుంది, గ్లూకోజ్ తయారీకి ముడిసరుకు అందదు. కడుపు ఖాళీ, గరిసె అప్పటికే సగం ఖాళీ, తయారీ బంద్. ఆ మనిషి గ్లిమిపిరైడో ఇన్సులినో తీసుకునేవాడైతే ప్రమాదం రెట్టింపు. అర్ధరాత్రి చెమటలు పడతాయి, మాట తడబడుతుంది, పిచ్చిపిచ్చిగా ప్రవర్తిస్తాడు, ఆపైన స్పృహ తప్పుతుంది. చుట్టూ ఉన్నవాళ్లకు ఇదంతా మత్తులాగే కనిపిస్తుంది. పడుకోనివ్వండి, పొద్దున లేస్తాడు అంటారు. కొందరు లేవరు. షుగర్ మందులు వాడే మనిషి తాగి తూలుతుంటే మొదట వేలి మీద చుక్క రక్తం తీసి గ్లూకోమీటరులో చూడాలి. 70 కన్నా తక్కువ ఉండి మింగగలిగే స్థితిలో ఉంటే మూడు నాలుగు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించాలి, పావుగంట తర్వాత మళ్లీ చూసి, ఆపైన అన్నం పెట్టాలి. మీటరు లేకపోతే దాని కోసం వెతుకుతూ కూర్చోకుండా చక్కెర నీళ్లు ఇచ్చేయాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు, పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోను చేసి, షుగర్ మందులు వాడే మనిషి అని అంబులెన్సు వాళ్లకు చెప్పాలి.